జీతం రాని గంటలు

1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అనే ప్రభుత్వోద్యోగి ఇంటి పెరట్లో బట్టలుతికే పొడి కలపడం మొదలుపెట్టాడు. గుజరాత్ ప్రభుత్వ భూగర్భ, గనుల శాఖలో ఆయన ఉద్యోగం. రసాయన శాస్త్రం చదివినవాడు కాబట్టి దేన్ని ఏ పాళ్ళలో కలపాలో తెలుసు. పొట్లాలు సైకిల్‌కు కట్టుకుని, ఆఫీసుకు వెళ్ళే దారిలో ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. పేరున్న కంపెనీ పొడితో పోలిస్తే ధర మూడో వంతుకు మించదు. అలా దాదాపు మూడేళ్ళు రెండు పనులూ నెట్టుకొచ్చాక గానీ ఉద్యోగం మానలేదు. కూతురు నిరుపమ పేరు మీదుగా పెట్టిన 'నిర్మా' ఆ తర్వాత దేశంలో ప్రతి ఇంటికీ తెలిసింది.

వ్యాపార పాఠాల్లో దీన్ని ధర గెలిచిన కథగా చెబుతారు. అది నిజమే. కానీ కథ చివర తెలిసిన మనకు కనిపించేది ఒకటి, 1970లో ఆ సైకిల్ తొక్కుతున్న మనిషికి కనిపించింది వేరొకటి. ఆయనకు చివర తెలియదు. నెల తిరిగితే వచ్చే జీతం ఒక పక్క, వస్తుందో రాదో తెలియని ఫలితం ఇంకో పక్క. ఈ రెండో పనికి రోజూ లేచి కూర్చోవడానికి మనిషికి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మాదాపూర్, గచ్చిబౌలి అద్దె ఫ్లాట్లలో ఇవాళ ఎంతోమంది ఉన్నది సరిగ్గా ఈ మధ్యలోనే. పగలు కంపెనీ పని, రాత్రి సొంత పని. 2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ మొదలైనప్పటి నుంచి స్టార్టప్ అనే మాట తెలుగు ఇళ్ళలో అమ్మమ్మలకు కూడా పరిచయమైంది. పెట్టుబడి ఎలా తేవాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. ఆర్నెల్లు గడిచి, మొదటి ఊపు చల్లారి, అడిగేవాడూ తిట్టేవాడూ లేని ఆ రెండో పని ముందు కూర్చోబుద్ధి కానప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం సాధారణంగా దొరికే జవాబు ఒక్కటే: గమ్యాన్ని తలుచుకో, కంపెనీ అమ్ముడైన రోజును ఊహించుకో, బాస్ ముఖాన రాజీనామా కొట్టే క్షణాన్ని ఊహించుకో. అంటే ఫలాన్ని తలుచుకుని పని చేయమని.

ఈ జవాబు ఎందుకు ఎక్కువ దూరం తీసుకెళ్ళదో 1973లో అచ్చయిన ఒక ప్రయోగం చూపించింది. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశు పాఠశాలలో బొమ్మలు గీయడమంటే సరదా ఉన్న పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి, బొమ్మ గీస్తే రిబ్బన్ కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మల దగ్గర గడిపింది మిగతావాళ్ళు గడిపినదాంట్లో సగమే. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల సరదా తగ్గలేదు. చెడగొట్టింది బహుమతి కాదు, దాని కోసమే గీస్తున్నామన్న లెక్క.

ఈ లెక్కను భగవద్గీత చాలా ముందే పట్టుకుంది. ఫలం మీద నీకు అధికారం లేదన్న రెండో అధ్యాయపు మాట అందరికీ తెలుసు. అంతగా ఎవరూ ఆగి చూడని చోటు పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. అక్కడ కృష్ణుడు పని చేసేవాళ్ళను మూడు రకాలుగా విడదీస్తాడు. రాజస కర్త ఫలం కోసం ఆరాటపడతాడు. కలిసొస్తే పొంగిపోతాడు, రాకపోతే కుంగిపోతాడు. యాప్‌లో ఇవాళ ఎంతమంది చేరారో గంటకోసారి చూసుకుని, అంకె పెరిగితే ఆకాశంలో, తగ్గితే పాతాళంలో ఉండేవాడి చిత్రం ఇంతకన్నా బాగా గీయలేం. సాత్విక కర్తకు ఆసక్తి బంధం లేదు, 'నేను' అన్న గొప్ప లేదు, గెలిచినా ఓడినా మారడు. ఇక్కడివరకు వింటే చల్లబడిన, ఏదీ పట్టని మనిషి అనిపిస్తుంది. కానీ అదే శ్లోకం అతనికి ధైర్యమూ ఉత్సాహమూ నిండుగా ఉంటాయని కూడా చెబుతుంది. నిష్కామ కర్మను నీరసంతో కలిపేసి చూసేవాళ్ళు ఈ చోటు తప్పక చదవాలి. గీత దృష్టిలో ఉత్సాహం ఫలాపేక్షకు పుట్టిన బిడ్డ కాదు. ఫలాపేక్ష తొలగినచోట నిలబడేది.

దీనికి ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది, రావాలి కూడా. వ్యాపారం అంటేనే లాభం కదా, కస్టమర్ డబ్బు కట్టకపోతే స్టార్టప్ ఎందుకు? ఫలం వద్దనుకునేవాడు దుకాణం ఎందుకు తెరవాలి?

ఈ ప్రశ్నతో తలపడినవాళ్ళలో ఇద్దరు జాతీయోద్యమ నాయకులున్నారు. మాండలే జైల్లో ఉండగా 1910-11 ప్రాంతంలో తిలక్ 'గీతారహస్యం' రాశాడు. గీత సన్యాసం చెప్పలేదు, పనిలో దిగి చేయమని చెప్పిందన్నది ఆ పుస్తకంలో ఆయన వాదం. గాంధీ గుజరాతీలో గీతకు చేసిన అనువాదం 'అనాసక్తి యోగం' దండి యాత్ర మొదలైన 1930 మార్చి 12నే వెలువడింది. ఫల త్యాగమంటే ఫలితం ఏమవుతుందో పట్టించుకోకపోవడం కాదని ఆయన అందులో స్పష్టం చేశాడు. ఏ పనికి ఏ ఫలితం వస్తుందో తెలిసి ఉండాలి, తగిన సాధనం ఉండాలి, చేయగల సత్తా ఉండాలి. అవన్నీ ఉండి, ఆ ఫలితం నాకు దక్కాలన్న వేడి లేకుండా పనిలో మునిగినవాడే త్యాగి. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కదిలించడానికి ఆయన బయలుదేరిన రోజున వచ్చిన పుస్తకం అది. ఫలితం మీద చూపు లేని మనిషి అంతదూరం నడవడు.

కాబట్టి గురి వేరు, అంటుకుపోవడం వేరు. కస్టమర్ డబ్బు కట్టాడా లేదా అన్నది పనికి సంబంధించిన సమాచారం. కట్టకపోతే తన బతుకే వృథా అనుకోవడం బంధం. మొదటిదాన్ని గమనించనివాడు వ్యాపారానికి పనికిరాడు, రెండోదానిలో చిక్కినవాడు వ్యాపారంలో ఎక్కువ కాలం నిలవడు.

ఇక్కడే ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. కష్టపడి పనిచేస్తున్నవాడు జీతం పెంచమని అడిగితే గీత వినిపించే యజమానులు ఉన్నారు. అది ఆ బోధకు చేసే అన్యాయం. ఫల త్యాగం కర్త తనకు తాను పెట్టుకునే నియమం. ఫలం చెల్లించాల్సినవాడు దాన్ని ఎదుటివాడి మీద రుద్దితే అది దోపిడీ.

తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ ఫణీంద్ర సామ. బెంగళూరులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరు. 2005 దీపావళికి హైదరాబాద్ వెళ్దామంటే బస్సు టికెట్ దొరకలేదు. ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ తిరిగాక, ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీయో ఏజెంటుకే తెలియదని అర్థమైంది. ఆయన, స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి వారాంతాల్లో పని మొదలుపెట్టారు. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళు కాబట్టి ప్రోగ్రామింగ్ కూడా పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటి ఆలోచన కంపెనీ పెట్టడం కాదు: సాఫ్ట్‌వేర్ రాసి బస్సు ఆపరేటర్లకు ఉచితంగా ఇచ్చేయాలనుకున్నారు. ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు దారి మార్చి, ఆపరేటర్ల దగ్గర కొద్దిపాటి సీట్లు తీసుకుని ప్రయాణికులకు నేరుగా అమ్మారు. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది. 2013లో ఐబిబో గ్రూప్ దాన్ని కొన్నది. ఫణీంద్ర తర్వాత కొంతకాలం తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్‌గా కూడా పనిచేశాడు.

ఆ తొలి వారాంతాలను నడిపింది ఒక చిక్కుముడి. పండక్కి ఇంటికెళ్ళలేకపోయిన మనిషికి ఆ ముడి విప్పాలనిపించింది. ఉచితంగా ఇస్తామన్నా వద్దన్నవాళ్ళను చూసి పని ఆగిపోలేదంటే, వాళ్ళ దృష్టి తమ సాఫ్ట్‌వేర్‌కు దక్కే మర్యాద మీద కన్నా ప్రయాణికుడి ఇబ్బంది మీద ఉందని చెప్పొచ్చు. గీత మూడో అధ్యాయంలో లోకసంగ్రహం అని చెప్పింది కూడా ఈ ఎదుటి మనిషి గురించే. నాకేం వస్తుందన్న ప్రశ్న రాత్రి పదకొండింటికి జవాబివ్వదు. ఎవరికి ఏం కావాలన్న ప్రశ్నకు ఆ వేళప్పుడు కూడా చేయదగ్గ పని ఒకటి కనిపిస్తుంది.

ఉద్యోగాన్ని సంకెలగా చూసే అలవాటు ఇక్కడ పునరాలోచించుకోవాలి. ఆ జీతమే రెండో పనిని ఫలాపేక్ష నుంచి కాపాడే కంచె. ఇంటద్దె, ఈఎంఐ కట్టగలిగినవాడు నచ్చని ఇన్వెస్టర్‌ను వద్దనగలడు, కస్టమర్‌కు నిజం చెప్పగలడు. పదిహేడో శతాబ్దపు తత్వవేత్త స్పినోజా కూడా కటకాలు సానబెట్టే పని చేసుకుంటూనే ఆలోచించేవాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇస్తామంటే, ఆలోచించే స్వేచ్ఛకు అడ్డొస్తుందన్న అనుమానంతో కాదన్నాడు. అమెరికాలో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ వేలమంది ఉద్యోగ జీవితాలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగం చేస్తూ వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్ళు విఫలమయ్యే అవకాశం, ఉద్యోగం వదిలి ఒక్కసారిగా దూకినవాళ్ళ కన్నా మూడో వంతు తక్కువ. తెగింపు లేనివాళ్ళుగా కనిపించేవాళ్ళే ఎక్కువకాలం నిలబడ్డారు.

ఇదంతా ఒప్పుకున్నా, పని ముందు కూర్చోలేని సాయంత్రాలు వస్తాయి. వాటిని సోమరితనమని తిట్టుకోవడం తేలిక. పతంజలి యోగసూత్రాలు ఈ విషయంలో మన కాలపు ఉపన్యాసకుల కన్నా చాలా దయగలవి, చాలా నిశితమైనవి కూడా. సాధనకు అడ్డొచ్చేవాటిని అక్కడ తొమ్మిదిగా చెప్పారు: జబ్బు, మనసు మొద్దుబారడం, సందేహం, అజాగ్రత్త, బద్ధకం, సుఖాల మీదకు లాగుడు, ఉన్నది లేనట్టు లేనిది ఉన్నట్టు తోచడం, ఎంత చేసినా పట్టు చిక్కకపోవడం, చిక్కిన పట్టు జారిపోవడం. తొమ్మిదింట్లో బద్ధకం ఒక్కటే. జాబితాలో మొట్టమొదటిది జబ్బు. నిద్ర చాలక తల పట్టేసిన మనిషికి స్ఫూర్తి ప్రసంగం వినిపిస్తే రోగం ఒకటి, మందు ఒకటి. తన ఆలోచన మంచిదో కాదో తెలియని సందేహంలో ఉన్నవాడికి కావలసింది పదిమంది కస్టమర్లతో మాట్లాడటం. ఇంకో రాత్రి కోడ్ రాసినంత మాత్రాన ఆ సందేహం తీరదు. చివరి రెండూ స్టార్టప్ మనుషులకు బాగా తెలిసినవే. రెండేళ్ళు తవ్వినా నీరు పడకపోవడం ఒక బాధ. పడిన నీరు ఇంకిపోవడం, వచ్చిన మొదటి కస్టమర్లు వెళ్ళిపోవడం ఇంకా పెద్ద బాధ. వీటిని వేరువేరుగా గుర్తుపట్టడమే సగం వైద్యం.

పతంజలి చెప్పిన విరుగుడు క్లుప్తమైనది: ఒక్కదాని మీద నిలిపిన అభ్యాసం. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేయాలంటాడు. ఆదరం అన్న షరతు ఆధునిక పరిశోధనలో వేరే దారిలో తేలింది. హార్వర్డ్ ఆచార్యురాలు థెరెసా అమబైల్ 7 కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 నమోదులు పరిశీలించింది. మనసును పని వైపు తిప్పినవాటిలో అన్నిటికన్నా బలమైనది, తమకు విలువైనదిగా తోచిన పనిలో ఆ రోజు కాస్త ముందుకు కదిలామన్న అనుభవం. ఎంత చిన్న కదలిక అయినా సరే. రోజుకు గంటన్నర మాత్రమే దొరికేవాడికి ఇది గట్టి ఆధారం. ఈ రాత్రికి ఒక బటన్ పనిచేయాలి, అంతే, అనుకుని కూర్చోవడంలో చిన్నతనమేమీ లేదు.

అతి ప్రయత్నం గురించి బౌద్ధ గ్రంథాల్లో ఒక కథ ఉంది. సోణుడు చంపా నగరపు ధనవంతుడి కొడుకు, సుకుమారుడు. భిక్షువై, నడుస్తూ చేసే ధ్యానంలో పాదాలు చిట్లి నెత్తురు కారేదాకా నడిచాడు. అయినా మనసు నిలవలేదు. అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది: ఇంట్లో బోలెడు సంపద ఉంది, తిరిగి వెళ్ళి సుఖంగా ఉంటూ దానధర్మాలు చేసుకోవచ్చు కదా. బుద్ధుడు వచ్చి, ఒకప్పుడు వీణ వాయించేవాడివి కదా అని గుర్తుచేసి, తీగలు మరీ బిగిస్తే పలుకుతాయా, మరీ వదులు చేస్తే పలుకుతాయా అని అడిగాడు. వీణ పోలికను అందరూ గుర్తుపెట్టుకుంటారు. అంతకుముందు సోణుడికి వచ్చిన ఆలోచన అంతకన్నా విలువైనది. అందులో తప్పేమీ లేదు, వినడానికి ఎంతో సబబుగా ఉంది. అలసట ఎప్పుడూ సబబైన మాటలే మాట్లాడుతుంది. పాదాలు మానాక కూడా ఆ ఆలోచన నిలిస్తే అప్పుడు దాన్ని నమ్మొచ్చు. శనివారం రాత్రి రెండింటికి స్టార్టప్ మూసేద్దామనుకున్నవాడు ఆ నిర్ణయాన్ని ఒక ఆదివారం నిద్ర తర్వాతకు వాయిదా వేసుకోవాలి. గీత ఆరో అధ్యాయం కూడా అతిగా మేలుకునేవాడికి యోగం లేదనే చెబుతుంది.

ఈ రెండో పనికి వాడుతున్న గంటలు అసలు ఎవరివన్న ప్రశ్నను ఉత్సాహం గురించిన చర్చల్లో దాటవేస్తారు. మహాభారతం దాటవేయలేదు. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణ తపస్వి జ్ఞానం వెతుక్కుంటూ, ఒక గృహిణి పంపగా, మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరకు వస్తాడు. వ్యాధుడు ఆయనకు ధర్మం చెబుతాడు, ఇంటికి తీసుకెళ్ళి తను సేవించే తల్లిదండ్రులను చూపిస్తాడు. తర్వాత అసలు దెబ్బ వేస్తాడు: నువ్వు వేదం నేర్చుకోవడానికి ముసలి తల్లిదండ్రులను అడగకుండా వదిలివచ్చావు, నీ కోసం ఏడ్చి వాళ్ళ చూపు పోయింది, ముందు ఇంటికి వెళ్ళు. వేదాధ్యయనం కన్నా గొప్ప లక్ష్యం ఆ కాలంలో లేదు. అయినా ఇంట్లోవాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ వంతు కాలాన్ని తీసుకుని సాధించిన లక్ష్యాన్ని ఆ కథ ఒప్పుకోలేదు.

భారత ప్రభుత్వ సమయ వినియోగ సర్వే 2019 లెక్కల్లో, ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే పురుషులు 97 నిమిషాలు. రాత్రి తొమ్మిది తర్వాత ల్యాప్‌టాప్ తెరిచే భర్తకు ఆ గంటలు ఖాళీగా దొరకలేదు. గిన్నెలు, పిల్లల హోంవర్క్ ఇంకొకరు ఎత్తుకున్నారు. ఉద్యోగం చేస్తూ స్టార్టప్ నడిపే స్త్రీకైతే అది మూడో పని. 1959లో ముంబైలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టి 'లిజ్జత్' సంస్థను కట్టారు. వాళ్ళు చేసింది కూడా పూర్తికాలపు పని పక్కన రెండో పనే; ఆ పూర్తికాలపు పనికి జీతం లేకపోవడం వల్ల ఎవరూ దాన్ని అలా లెక్కపెట్టలేదు. లాభనష్టాలను సభ్యులంతా పంచుకోవాలని వాళ్ళు పెట్టుకున్న నియమం అందుకే అంత ముఖ్యమైనది. మోసేది ఒకరు, పేరు ఇంకొకరిది అయినచోట ఉత్సాహం ఎక్కువకాలం బతకదు.

ఇంటి గంటలు అలా ఉంటే, ఆఫీసు గంటలు యజమానివి. 2022లో ఐటీ రంగంలో మూన్‌లైటింగ్ వివాదం రేగినప్పుడు, ఉద్యోగంలో ఉంటూ పోటీ సంస్థలకు పనిచేశారని 300 మందిని తొలగించినట్టు విప్రో ప్రకటించింది. ముందుగా అనుమతి తీసుకుంటే బయటి పనులు చేసుకోవచ్చని ఇన్ఫోసిస్ అదే ఏడాది చెప్పింది. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్న తెలుగు ఇంజినీర్లకు ఇది ఇంకా కఠినం: వీసా ఇప్పించిన యజమాని దగ్గర తప్ప, వేరే అనుమతి లేకుండా సొంత కంపెనీలో కూడా పని చేయడం చట్టం ఒప్పదు. పతంజలి యమ నియమాల్లో అస్తేయం, అంటే దొంగిలించకపోవడం, ఒకటి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో, కంపెనీ వేళల్లో సొంత కోడ్ రాసేవాడికి పట్టుబడే భయం ఒక్కటే నష్టం కాదు. చాటుగా చేసే పని మీద మనసు తెరిచి ఆదరం చూపలేకపోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఒప్పందం చదువుకుని, అడగాల్సినవాళ్ళను అడిగి మొదలుపెట్టినవాడి రాత్రులు ప్రశాంతంగా ఉంటాయి.

ఇక ఉద్యోగం వదిలే వేళ. గీత పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని కూడా మూడుగా విడదీసింది. చేయాల్సిన పనిని మోహంలో వదిలేయడం తామసం. కష్టంగా ఉందని, ఒళ్ళు అలిసిపోతోందని వదలడం రాజసం. అలాంటివాడికి త్యాగ ఫలం దక్కదు. మేనేజర్ మీద కోపంతో, అప్రైజల్ బాగాలేదని ఉద్యోగం మానేసి స్టార్టప్‌లో దూకేవాడు ఈ రెండో రకం. అతన్ని కదిలించింది పాత పని మీది విసుగు, కొత్త పని మీది శ్రద్ధ కాదు. ఆ విసుగు కొత్త ఆఫీసులోకి కూడా అతని వెంటే వస్తుంది.

హ్యూలెట్ ప్యాకార్డ్‌లో కాలిక్యులేటర్లు తయారుచేసే విభాగంలో ఉన్న స్టీవ్ వోజ్నియాక్‌కు ఆ విసుగు లేదు. ఆ ఉద్యోగమంటే ఆయనకు ప్రాణం. తన కంప్యూటర్ డిజైన్‌ను ముందు ఆ కంపెనీకే ఇవ్వజూపాడు, వాళ్ళు వద్దన్నారు. 1976 ఏప్రిల్ 1న ఆపిల్ ఏర్పడ్డాక కూడా పగలు అక్కడే పనిచేస్తూ, రాత్రుళ్ళు ఆపిల్ 2 పని చేశాడు. మైక్ మార్కులా పెట్టుబడి పెడుతూ, ఉద్యోగం వదలాల్సిందేనని షరతు పెట్టాడు. వోజ్నియాక్ వద్దన్నాడు. కంప్యూటర్లు గీసుకోవడానికి కంపెనీ నడపాల్సిన అవసరమేముందన్నది ఆయన అనుమానం. మనుషుల మీద అజమాయిషీ చేయడం ఆయనకు పడని పని. ఆపిల్‌లో ఆయన భాగస్వామి స్టీవ్ జాబ్స్ బంధువులచేత, స్నేహితులచేత ఫోన్లు చేయించాడు. డబ్బు గురించి చెప్పినవాళ్ళ మాట ఎక్కలేదు. చివరికి పాత స్నేహితుడు అలెన్ బామ్ ఫోన్ చేసి, కంపెనీ పెట్టినంత మాత్రాన మేనేజర్ కానక్కర్లేదు, అందరికన్నా కింది మెట్టు మీద ఇంజినీరుగానే ఉండిపోవచ్చు అని చెప్పాడు. ఆ మాట విన్నాక వోజ్నియాక్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు.